ఎవరి నోరు తిరగదు?

భావ ప్రకటనా స్వేచ్ఛ మీద తెలుగులో చాలా రాశారు. రాసినవాళ్లలో ఎక్కువమంది ఒక మెట్టు దాటేసి రాశారు. రాజ్యాంగం 19(1)(ఎ) అధికరణంలో పౌరుడికి మాట్లాడే హక్కు ఇచ్చింది, కాబట్టి ప్రభుత్వం ఆ నోరు మూయకూడదు - ఇక్కడ్నించి వాళ్ల వాదం మొదలవుతుంది. ప్రభుత్వం మూయడానికి ముందే ఆ నోటికి ఏం జరిగిందన్నది వాళ్లకు పట్టలేదు. నోరు తెరిచినవాణ్ణి ఎవరు విన్నారు? విన్నవాడు దాన్ని మాట కింద లెక్కేశాడా, కూత కింద లెక్కేశాడా? ఈ ప్రశ్నలు చర్చలోకే రాలేదు. పుస్తకాన్ని నిషేధించినప్పుడో, పత్రిక మీద కేసు పెట్టినప్పుడో మాత్రమే స్వేచ్ఛ గుర్తుకొచ్చేవాళ్లు ఒకరకంగా అదృష్టవంతులు. వాళ్లు నోరు తెరవగానే ఎవరూ నవ్వలేదు.

మేము ఇక్కడ చెప్పదలుచుకున్నది ఇదీ. దళితుల మాట విషయంలో ఈ సమాజం రెండు తప్పులు చేసింది. మా మాటలో తేడా ఉంటే దాన్ని లోపం అన్నది. మా పిల్లల మాటలో నిజంగా లోపం ఉంటే దాన్ని కులం అన్నది. మొదటి తప్పువల్ల బాగా మాట్లాడగలిగే పిల్లలు బళ్లో నోరు మూసుకున్నారు. రెండో తప్పువల్ల వైద్యం కావాల్సిన పిల్లలకు వైద్యం అందలేదు. మొదటిదాని మీద దళిత సాహిత్యం కొంత మాట్లాడింది. రెండోదాని మీద మనం కూడా దాదాపు మాట్లాడలేదు. రెండింటి వేరూ ఒకటే కాబట్టి రెండింటినీ కలిపి చూడాలంటున్నాం.

పాత చట్టం

మాటకి శిక్ష వేయడం ఈ దేశానికి కొత్త కాదు. మనుస్మృతి ఎనిమిదో అధ్యాయం తీసి చూడండి. ద్విజుణ్ణి దూషించిన శూద్రుడి నాలుక కోయమంటుంది. పేరూ జాతీ ఎత్తి తిట్టినవాడి నోట్లో పదివేళ్ల పొడుగు ఇనుపకడ్డీని ఎర్రగా కాల్చి పెట్టమంటుంది. బ్రాహ్మణుడికి ధర్మం చెప్పబోయినవాడి నోట్లోనూ చెవుల్లోనూ కాగిన నూనె పోయమంటుంది. ఇవి ఎంతవరకు అమలయ్యాయో చరిత్రకారులు తేలుస్తారు. మేం చూసేది శిక్ష పడ్డ అవయవాల్ని. నాలుక, నోరు, చెవి. మాట పుట్టేచోటు, మాట చేరేచోటు. ఈ రెండు చోట్లా కాపలా పెడితే మధ్యలో మనిషిని కట్టేయాల్సిన పని కూడా ఉండదని ఆ చట్టం రాసినవాళ్లకు బాగా తెలుసు.

ఉచ్చారణ గొడవ అంతకంటే పాతది. పతంజలి మహాభాష్యం మొదట్లోనే ఒక కథ ఉంది. అసురులు యుద్ధంలో ఓడిపోయారు. ఎందుకు ఓడిపోయారయ్యా అంటే, 'ర' పలకాల్సిన చోట 'ల' పలికారట. అందుకని బ్రాహ్మణుడు అలా పలకకూడదని నీతి. మ్లేచ్ఛుడు అనే మాటకి మూలం కూడా స్పష్టంగా పలకలేకపోవడమే. అంటే ఒకడు పరాయివాడని చెప్పడానికి ముందు వాడికి నోరు తిరగదని చెప్పారు. యుద్ధంలో ఓడినవాడి ఉచ్చారణ తప్పు అయిందా, ఉచ్చారణ తప్పు కాబట్టి ఓడాడా? కథ రాసినవాడు గెలిచినవాడి వైపు కూచుని రాశాడు కాబట్టి జవాబు కూడా వాడే ఇచ్చుకున్నాడు.

ముప్పై ఆరు వర్ణాలు

ఇప్పుడు తెలుగు బడికి వద్దాం. 'భాష' అనమంటే 'బాస' అన్నాడని పిల్లోడికి నెత్తిమీద మొట్టికాయ. 'శంకరం' అనమంటే 'సంకరం' అన్నాడని క్లాసంతా నవ్వు. "ఒత్తులు పలకవురా మీకు", "మీ నోరు తిరగదురా" - ఈ రెండు మాటలు వినకుండా బడి దాటిన మాలమాదిగ పిల్లలు ఎంతమంది ఉంటారు? మా ఇళ్లల్లో యూనివర్సిటీ గడప తొక్కిన మొదటి తరం మాది. ఆ గడప దాటాక కూడా సెమినార్లో పేపరు చదివేముందు 'శ', 'ష', 'స'లకు పెన్సిల్‌తో గీతలు పెట్టుకునేవాళ్లు మాలో ఉన్నారు. పేపర్లో వాదన ఏమిటన్న దానికంటే గీతల మీదే వాళ్ల ప్రాణం ఉంటుంది.

అసలు శాస్త్రం ఏమంటోంది? పరవస్తు చిన్నయ సూరి బాలవ్యాకరణం 19వ శతాబ్దం మధ్యలో వచ్చింది. బడి తెలుగుకి అదే రాజ్యాంగం. ఆ పుస్తకం మొదట్లోనే సంస్కృతానికి వర్ణాలు 50, ప్రాకృతానికి 40, తెలుగుకి 36 అని లెక్క చెప్పాడు. ఆ 36లో ఒత్తక్షరాలు లేవు. 'శ' లేదు, 'ష' లేదు. ఉన్నది 'స' ఒకటే. అంటే 'బాస' అన్న పిల్లోడు చిన్నయ సూరి లెక్క ప్రకారమే అచ్చ తెలుగు పలికాడు! ఆ పిల్లోడి నాలుకలో ఏ లోపమూ లేదు. వాడి ఇంట్లోకి సంస్కృతం రాలేదు, అంతే. రాలేదంటే వాడి తాతలు వద్దనలేదు. రానివ్వలేదు. మొదట సంస్కృతాన్ని చెవిన పడనివ్వకుండా ఆపారు. తర్వాత అది నోట పలకలేదని నవ్వారు.

పెద్ద కులాల ఇళ్లల్లో కూడా వంటింట్లో, పొలంలో, తొందరలో మాట్లాడేటప్పుడు ఒత్తులు జారిపోతాయి. అప్పుడు దాన్ని ఎవరూ లోపం అనరు. ఇంటి మాట అంటారు. అదే జారుడు మా నోట్లో జరిగితే జాతి లక్షణం అవుతుంది. శబ్దం ఒకటే అయినప్పుడు, తీర్పు మాత్రం మారుతున్నప్పుడు, కొలిచింది శబ్దాన్ని కాదని తెలుస్తూనే ఉంది.

చిన్నయ సూరి భాషని తత్సమం, తద్భవం, దేశ్యం, గ్రామ్యం అని నాలుగుగా పంచాడు. మా మాట గ్రామ్యంలో పడింది. గ్రాంథికం మీద గిడుగు రామమూర్తి పోరాడి గెలిచారు. ఆ గెలుపుని మేం తక్కువ చేయం. సవరల మధ్య తిరిగి సవర భాష నేర్చుకుని, 1931లో దానికి వ్యాకరణం, 1938లో నిఘంటువు తెచ్చిన మనిషి ఆయన. ఆయన కాలంలో అలాంటి పని చేసిన తెలుగు పండితుడు ఇంకొకరు కనపడరు. కానీ ఆ ఉద్యమం మిగిల్చిన మాట 'శిష్ట వ్యావహారికం'. గ్రంథం పోయి వ్యవహారం వచ్చింది, శిష్టులు మాత్రం అక్కడే ఉన్నారు. ఎవరి వాడుక ప్రమాణం అన్నప్పుడు చదువుకున్న కులాల వాడుక, అందులోనూ కోస్తా నడిమి జిల్లాల వాడుక అన్నారు. తెలంగాణ యాస దశాబ్దాలపాటు సినిమాలో రౌడీకో నౌకరుకో అంటగట్టబడింది. 2014లో రాష్ట్రం వచ్చాక ఆ యాసకి గౌరవం కొంత పెరిగింది. వాడలో మాట్లాడే యాసకి ఏ రాష్ట్రమూ రాలేదు.

ఊరి గొంతు

మా వాళ్లు మూగవాళ్లని చెప్పే కథనం ఒకటి ఉంది. అభ్యుదయ రచయితలు జాలితో చెప్పారు, మిగతావాళ్లు తిరస్కారంతో చెప్పారు. ఇది చరిత్ర ప్రకారం తప్పు. పాత ఊళ్లో ప్రభుత్వం మాట, పెద్దమనుషుల మాట జనానికి చేరింది ఎవరి గొంతుతో? డప్పు కొట్టి చాటింపు వేసిన మాదిగ గొంతుతో. ఊరంతా వినేట్టు మాట్లాడే పని ఊరు మాకే అప్పజెప్పింది. గొంతు మాదే, ఊపిరి మాదే. మాట మాత్రం మాది కాదు. తన కూలి గురించి ఆ డప్పు మీద ఒక్క ముక్క చాటే వీలు అతనికి లేదు. 1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో పుట్టిన మాదిగ ఉద్యమం 'దండోరా' అని పేరు పెట్టుకోవడంలో ఉన్న తెలివి ఇదే. అప్పటిదాకా ఇంకొకరి కబురు చాటినవాడు ఆ రోజు తన కబురు చాటాడు. ఆ చాటింపు సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల చెవికెక్కి, వర్గీకరణ చెల్లుతుందని తీర్పు రావడానికి 2024 ఆగస్టు 1 దాకా, ముప్పై ఏళ్లు పట్టింది.

చిందు భాగవతులు రాత్రంతా పద్యాలు పాడి ఆడతారు. డక్కలివాళ్లు పటం పరిచి జాంబ పురాణం చెబుతారు. బైండ్లవాళ్లు ఎల్లమ్మ కథ పొద్దుపొడిచేదాకా నడుపుతారు. ఇంత పొడుగు మాటని కాగితం లేకుండా నోట్లో మోసుకొచ్చిన కులాల్ని పట్టుకుని నోరు తిరగదు అనడానికి ఎంత ధైర్యం కావాలి?

మాలమాదిగల మాటని ఊరు ఊరికే అణచలేదు. ఏం మాట్లాడాలో రాసి ఇచ్చింది. "నీ బాంచెన్ కాల్మొక్తా" అనేది భాష కాదు, వంచిన వెన్నుపూస. అరవై ఏళ్ల ముసలాయన్ని దొర కొడుకు "ఒరే" అనొచ్చు, ఆ ముసలాయన ఆ పిల్లోణ్ణి "అయ్యా" అనాలి. రోజుకి వందసార్లు ఈ సంబోధనలు నోట్లో తిరిగాక ఇంక సిద్ధాంతంతో పనేముంది? కులం నాలుక మీదే కుదురుకుంటుంది. తప్పించి మాట్లాడినవాడికి ఏం జరుగుతుందో కారంచేడు చెప్పింది. తాగేనీళ్ల చెరువుని మురికి చేయొద్దని ఒక మాట అడ్డం చెప్పారు, ఒక మాదిగ ఆడమనిషి బిందె ఎత్తి ఎదురు నిలబడింది. మర్నాడు, 1985 జులై 17న, ఆరుగురు మాదిగల్ని చంపారు. ఆ ఊళ్లో 19వ అధికరణం అప్పటికి ముప్పై ఐదేళ్లుగా అమల్లోనే ఉంది.

1989 అత్యాచారాల నిరోధక చట్టం అవమానించే మాటని నేరం చేసింది. 2015 సవరణ కులం పేరుతో తిట్టడాన్ని విడిగా రాసింది. అయితే నలుగురికీ కనపడే చోట జరగాలన్నది షరతు. ఇంటి నాలుగు గోడల మధ్య, బయటివాళ్లెవరూ లేనప్పుడు అన్న మాట ఈ నేరం కిందికి రాదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. వైవా గది తలుపు వేసి ఉంటుంది. లోపల అడిగేవాళ్లు ముగ్గురు, చెప్పేవాడు ఒకడు. "మీ ప్రనన్సియేషన్ కొంచెం..." అని ఒకాయన నవ్వి ఆపేస్తాడు. కులం పేరు ఎత్తలేదు. మార్కుల్లో మాత్రం ఎత్తాడు. దీన్ని పట్టుకునే సెక్షన్ ఇంకా రాయలేదు.

గబ్బిలం ఎందుకు కావాల్సొచ్చింది

తెలుగు సాహిత్యం ఈ నోటిని ఎలా చూసింది? ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి' 1922లో వచ్చింది. మద్రాసు ప్రభుత్వం దాన్ని ఒకటికి రెండుసార్లు నిషేధించింది. మన సాహిత్య చరిత్రలో అది భావ స్వేచ్ఛ కథగా నమోదైంది. మంచిదే. కానీ నవల లోపల ఎవరి మాటకి ఏం జరిగిందో కూడా చూడాలి కదా. రామదాసు వేదాంతం మాట్లాడతాడు, ఊరు గౌరవిస్తుంది. సంగదాసు కూలివాళ్ల పక్షాన మాట్లాడతాడు, చౌదరయ్య చేతిలో చస్తాడు. ఒకే ఇంట్లో రెండు నోళ్లు. పరలోకం గురించి మాట్లాడే మాలకి చోటుంది, కూలి గింజల గురించి మాట్లాడే మాలకి లేదు. ఉన్నవకి ఈ సంగతి తెలిసే రాశాడని మా అభిప్రాయం. చదివినవాళ్లే రామదాసు దగ్గర ఆగిపోయారు.

జాషువా 'గబ్బిలం' 1941లో వచ్చింది. కాళిదాసు యక్షుడికి మేఘం దొరికింది. జాషువా అరుంధతీసుతుడికి గబ్బిలం దొరికింది. ఎందుకంటే గుళ్లోకి పోగలిగేది అదే. పూజారి లేని సమయం చూసి శివుడి చెవిన వేయమని దాన్ని బతిమాలతాడు. ఈ కావ్యాన్ని కరుణ రసం అని పాఠం చెబుతూ వచ్చారు. మాకు ఇది మాట గురించిన కావ్యం. మాట్లాడేవాడికి భాష ఉంది, వాదన ఉంది, ఛందస్సు ఉంది. లేనిది చెవి. నోరున్నవాడు తన మాటని ఒక పక్షి కాని పక్షి నోట్లో పెట్టి పంపాల్సొచ్చింది. ఆ ఛందస్సు మీద కొంతమంది దళిత విమర్శకులకి అభ్యంతరం ఉంది, వాళ్ల తూకంతో తూగాడని. అప్పటికి ఇంకే తూకంలో పెట్టినా ఆ మాటని మాటే అనరని జాషువాకి తెలుసు. ఆయన పలికిన ప్రతి ఒత్తూ ఒక పరీక్షలో రాసిన జవాబు. పరీక్ష పెట్టినవాళ్లని అడగకుండా జవాబు రాసినవాణ్ణి ఎందుకు అడుగుతాం?

అంబేద్కర్‌కి కూడా ఇదే జరిగింది. 1936లో లాహోర్ జాత్-పాత్ తోడక్ మండల్ ఆయన్ని అధ్యక్షోపన్యాసానికి పిలిచింది. రాతప్రతి చూసి మార్చమన్నది. ఒక్క కామా కూడా మార్చనన్నాడాయన. సభ రద్దయింది. 'కుల నిర్మూలన' అలా పలకని ఉపన్యాసంగానే అచ్చయింది, సొంత డబ్బుతో. ఆయన్ని ఆపింది ప్రభుత్వం కాదు, పోలీసు కాదు, సెన్సారు కాదు. కులం పోవాలనే సంస్కర్తల సంఘమే ఆపింది.

తప్పని చెబితే ఏమవుతుంది

పిల్లల మాటని తప్పు తప్పు అని అంటూ ఉంటే ఏం జరుగుతుందో 1939లో అమెరికాలోని అయోవా రాష్ట్రంలో ప్రయోగం చేసి మరీ చూశారు. వెండెల్ జాన్సన్ అనే ప్రొఫెసరు పర్యవేక్షణలో ఆయన విద్యార్థిని ఒక అనాథాశ్రమంలో 22 మంది పిల్లల మీద ఆ ప్రయోగం చేసింది. మామూలుగా మాట్లాడే పిల్లల్లో ఆరుగురికి మీకు నత్తి వస్తోందని, తప్పు లేకుండా పలకలేకపోతే మాట్లాడొద్దని నెలల తరబడి చెప్పారు. వాళ్లకి నిజంగా నత్తి వచ్చిందా లేదా అన్నదాని మీద పండితులకి ఇప్పటికీ తగువే. కానీ ఆ పిల్లలు మాట్లాడ్డానికి జంకారు, మాట తగ్గించేశారు. యూనివర్సిటీ 2001లో క్షమాపణ చెప్పింది. ప్రయోగానికి అనాథల్నే ఎందుకు ఎంచుకున్నారో వేరే చెప్పాలా? అడిగేవాళ్లుండరు. మన బళ్లల్లో ఇదే ప్రయోగం, ఏ ప్రొఫెసరూ అక్కర్లేకుండా, ఎన్ని తరాలుగా నడుస్తోంది? ఎవరు క్షమాపణ చెప్పారు?

అదే అమెరికాలో నల్లవాళ్లు దీని మీద తిరగబడ్డారు. 1972లో బొంబాయి దళిత యువకులు తమ సంఘానికి పేరు తెచ్చుకున్నది వాళ్ల పాంథర్స్ దగ్గర్నుంచే కాబట్టి ఈ కథ కూడా మనం తెలుసుకోవాలి. నల్ల పిల్లలకి భాషే లేదని అక్కడి విద్యా మనస్తత్వవేత్తలు రాస్తుంటే 1969లో విలియం లాబొవ్ అనే భాషావేత్త జవాబిచ్చాడు. హార్లెంలో ఎనిమిదేళ్ల పిల్లోడు. ప్రశ్నలడిగితే ఒక్కో ముక్కే చెప్పేవాడు. ఆ తర్వాత, అడిగే మనిషి అదే నల్లవాడు, కింద కూచున్నాడు. తినడానికి చిప్స్ తెచ్చాడు, పిల్లోడి స్నేహితుణ్ణి కూడా పక్కన కూచోబెట్టాడు. అంతే, పిల్లలిద్దరూ ఒకరి మాటకొకరు అడ్డం పడి మాట్లాడారు. మారింది నాలుక కాదు, కూచున్న ఎత్తు. 1979లో ఆన్ ఆర్బర్ అనే ఊళ్లో నల్ల తల్లులు కోర్టుకెక్కారు. పిల్లల ఇంటి భాషని లెక్కలోకి తీసుకోకపోవడం బడి తప్పేనని జడ్జి జాయినర్ తీర్పు చెప్పాడు. 1983లో అమెరికా స్పీచ్ థెరపిస్టుల సంఘం ఇంగ్లీషులో ఏ మాండలికమూ వాగ్దోషం కాదని అధికారికంగా ప్రకటించింది. మాండలికం వేరు, రుగ్మత వేరు. తేడా తెలియనివాడు వైద్యం చేయకూడదు. తెలుగు యాసల గురించి ఇంత తెగేసి చెప్పే మాట మన పంతుళ్ల ట్రైనింగులో మొదటి పాఠం కావాలి.

రెండో తప్పు

ఇక్కడ ఆగితే సగం నిజమే చెప్పినట్టవుతుంది. మా మాటలో లోపం లేదు, లేదు అని ఇన్నాళ్లు గట్టిగా చెప్పాం. చెప్పాల్సిందే. కానీ మా వాడల్లో నత్తి ఉన్న పిల్లలున్నారు. చెవిలో చీము కారి కారి వినికిడి పోగొట్టుకున్న పిల్లలున్నారు. గ్రహణం మొర్రితో పుట్టినవాళ్లున్నారు. పక్షవాతం వచ్చి మాట పడిపోయిన పెద్దవాళ్లున్నారు. వీళ్ల సంగతేంది?

నత్తి సాధారణంగా రెండు నుంచి ఐదేళ్ల మధ్య మొదలవుతుంది. నూటికి ఐదుగురు పిల్లల దాకా ఏదో ఒక దశలో తడబడతారు. ఎక్కువమందికి దానంతటదే సర్దుకుంటుంది. పెద్దయ్యాక నూటికి ఒకరికి మిగులుతుంది, మగవాళ్లలో ఎక్కువ. కుటుంబాల్లో వస్తుంది, మెదడు మాటని నడిపే తీరులో ఉంది దాని మూలం. నాలుక మందం కాదు, భయస్తుడు కావడం కాదు, తెలివి తక్కువ కావడం అసలే కాదు. భయం దాన్ని పుట్టించదు, పెంచుతుంది. నెత్తిమీద మొట్టితే పోదు. వస కొమ్ము అరగదీసి నాలుకకి రాస్తే పోదు. చిన్నప్పుడే పట్టుకుని ఓపికతో థెరపీ ఇస్తే చాలా మేలు జరుగుతుంది.

చెవి చీము పేదరికం జబ్బు. ఇరుకు ఇల్లు, పొయ్యి పొగ, తగ్గని జలుబు, అందని డాక్టరు - ఇవన్నీ దానికి దారులు. సరిగా వినపడని పిల్లోడికి మాట ఆలస్యమవుతుంది, పలుకు మసకబారుతుంది. బళ్లో వెనక బెంచీలో కూచోబెట్టిన పిల్లోడు వాడే అయితే? పిలిస్తే పలకడు. పంతులు ఏమనుకుంటాడు? "ఈ పేట పిల్లలింతే." మాట ముద్దగా వస్తే, "వీళ్ల నోళ్లు తిరగవు." అయిపోయింది. అదే పిల్లోడు పెద్దింటి బిడ్డయితే ఆ వారమే చెవి పరీక్ష జరిగేది. మేం మొదట చెప్పిన రెండో తప్పు ఇదే. యాసనే రోగం అనుకునే చెవికి, నిజంగా రోగం వచ్చినప్పుడు అదీ యాసలాగే వినపడుతుంది. తేడా తెలుసుకునే అలవాటు ఆ చెవికి లేదు కదా!

చట్టం కూడా ఆలస్యంగానే విన్నది. 1995 వికలాంగుల చట్టం ఏడు రకాల వైకల్యాల్ని గుర్తించింది, అందులో మాటది విడిగా లేదు. 2016 చట్టం ఇరవై ఒకటి గుర్తించింది, మాట, భాషల వైకల్యం అందులోకి వచ్చింది. నిర్వచనంలో స్వరపేటిక తీసేయడం, మెదడు దెబ్బతిని మాట పడిపోవడం లాంటి శాశ్వత స్థితులు ఉదాహరణలుగా ఉన్నాయి. నత్తి పేరు లేదు. మన ఉద్యమాలు ఆ చట్టం మీద నడిచిన చర్చలో ఎంత కనపడ్డాయి?

థెరపీ అనేది ఒక్క ఆపరేషన్‌తోనో ఒక్క సూదితోనో అయ్యేది కాదు. నెలల తరబడి వారం వారం పోవాలి, ఇంటి దగ్గర రోజూ సాధన చేయించాలి. మొర్రికి ఆపరేషన్ ఉచితంగా అయినా, చాలామందికి పలుకు సరిచేసే శిక్షణ ఆ తర్వాతే మొదలవుతుంది. థెరపిస్టు ఉండేది పట్నంలో. తీసుకుపోవాల్సిన తల్లి కూలికి పోయేది పొలంలో. ఒకరోజు పోతే ఆ రోజు కూలి పోతుంది, దారి ఖర్చు పైన. నాలుగు వారాలు పోయి ఐదో వారం ఆగిపోతే "తల్లిదండ్రుల్లో చైతన్యం లేదు" అని రాస్తారు. కూలి లెక్క ఎవరూ రాయరు. బొమ్మ చూపించి పేరు చెప్పమనే పరీక్షలో సొరకాయకి 'ఆనపకాయ' అన్న పిల్లకి మార్కు పోతే, థెరపీ గదిలో కూడా శిష్ట వ్యావహారికమే కూచుందని అర్థం.

మన మాటల సంగతి

చివరగా మన వాళ్లతో ఒక మాట. 'చండాలంగా ఉంది' అనే తిట్టు మీద మనం పోరాడాం. ఒక కులాన్ని రోతకి పేరుగా వాడొద్దన్నాం. మరి మన కవితల్లో, కరపత్రాల్లో 'చెవిటి ప్రభుత్వం', 'మూగ సమాజం', 'నత్తి నాయకత్వం' ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టుకుందామా? ప్రభుత్వం చెవిటిది కాదు. బాగా వినపడుతుంది, వినదు. చెవుడు ఉన్న మనిషి వినాలనుకుంటాడు, వినపడదు. ఈ ఇద్దరికీ ఒకే మాట వాడితే మన పక్కనున్న మనిషికి అన్యాయం చేసి, ఎదురుగా ఉన్న దొంగకి సాకు ఇచ్చినవాళ్లమవుతాం. వాడలో 'నత్తోడు', 'మూగి' అని పిలిచే పేర్లు కులం పేర్లతో పిలిచినట్టే ఉంటాయి మోసేవాళ్లకి. చెవిటి, మూగ అని పిలవబడే చాలామందికి సైగల భాష ఉంది. అది పూర్తి భాష. వాళ్లు మౌనంగా లేరు.

అంబేద్కర్ 1920 జనవరి 31న పెట్టిన పత్రిక పేరు 'మూక్‌నాయక్', మూగవాళ్ల నాయకుడు. ఆ పేరు గురించి ఎవరైనా మమ్మల్ని అడగొచ్చు. మేం ఆ తర్వాతి పేర్లు చూడమంటాం. 1927లో 'బహిష్కృత భారత్'. 1930లో 'జనతా'. 1956లో 'ప్రబుద్ధ భారత్'. మూగ అన్న చోట ఆయన ఆగలేదు. మూగతనం మా స్వభావం కాదు, మమ్మల్ని వెలి వేయడంలో ఉందని రెండో పేరు చెబుతోంది. ఆ దారిలో మనం ఇంకా మొదటి పేరు దగ్గరే నిలబడి 'గొంతులేనివాళ్లకి గొంతు' అని రాసుకుంటున్నాం.

పని చాలా ఉంది. పంతుళ్లుగా ఉన్న మనవాళ్లు క్లాసులో ఉచ్చారణ మీద నవ్వు రానివ్వకూడదు. ఒత్తులు నేర్పండి, తప్పకుండా నేర్పండి, రాతకి అవసరం. ఇంటి మాట తప్పని చెప్పకుండా నేర్పండి. పిలిస్తే పలకని పిల్లని తిట్టేముందు వెనక నిలబడి మెల్లగా పేరు పెట్టి పిలిచి చూడండి, అనుమానమొస్తే చెవి డాక్టరు దగ్గరికి పంపండి. తడబడే పిల్లోడి మాట మీరు పూర్తిచేయకండి, వాడే పూర్తిచేసేదాకా ఆగండి. స్పీచ్ థెరపీ చదువుకుంటున్న మన పిల్లలు మాలమాదిగ వాడల తెలుగుని రికార్డు చేసి ఏది యాసో ఏది రుగ్మతో తేల్చే పరీక్షలు తయారుచేయాలి. ఆ పని బయటివాళ్లు చేసిపెట్టరు. కార్యకర్తలు మండలానికొక థెరపిస్టు కావాలని, పిల్లని తీసుకొచ్చిన తల్లికి ఆ రోజు కూలి ఇవ్వాలని అడగాలి. భూమి అడిగినట్టే, హాస్టలు అడిగినట్టే అడగాలి. మాట్లాడే హక్కు నాలుక దగ్గర మొదలవుతుంది కాబట్టి అది కూడా 19వ అధికరణం కిందికే వస్తుందని మేం అంటున్నాం.